తెర మీది తగవు, తరగతిలో తర్ఫీదు



మాస్టారి శిష్యులు ఆయన పేరిట జరుపుతున్న ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినందుకు కృతజ్ఞతలు. మాస్టారు మాకు సివిల్ ప్రొసీజర్ చెప్పారు. కోడ్‌ను సెక్షన్ల వరసలో కాకుండా దావా నడిచే వరసలో చెప్పేవారు. క్లాసులో ఒకరిని వాదిగా, ఒకరిని ప్రతివాదిగా, ఇంకొకరిని కోర్టు అమీనాగా నిలబెట్టి, "సమన్లు పట్టుకుని ఇంటికి వెళ్లావు, తలుపుకు తాళం వేసి ఉంది, ఇప్పుడేం చేస్తావు?" అని అడిగేవారు. ఆర్డర్ 5 మాకు అలా వంటబట్టింది. ఆయన స్మృతికి తగినదనే ఈ అంశం ఎంచుకున్నాను: ఆన్‌లైన్ వివాద పరిష్కారాన్ని, అంటే పత్రికలు ఓడీఆర్ అని రాస్తున్నదాన్ని, న్యాయవిద్యార్థులకు రోల్ ప్లే అభ్యాసాల ద్వారా నేర్పడం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఓడీఆర్‌ను నోట్సు చెప్పి నేర్పలేం. ఒక వెబ్‌సైటు తెరిచి ఎక్కడ ఏ బటన్ నొక్కాలో చూపించి కూడా నేర్పలేం. విద్యార్థి మొదట ఫిర్యాదీ కుర్చీలో కూర్చోవాలి. తర్వాత ఎదుటి పక్షం కుర్చీలో, ఆపైన న్యాయవాది కుర్చీలో, అన్నిటికన్నా చివర మీడియేటరు కుర్చీలో కూర్చోవాలి. ఈ వరస తారుమారైతే మనం తయారుచేసేది పోర్టళ్లు నడిపే ఉద్యోగులను మాత్రమే.

ఎక్కడ మొదలైంది

ఇంటర్నెట్‌లో కొనడం, అమ్మడం మొదలైన కొత్తలోనే తగాదాలు కూడా వచ్చాయి. కొన్నవారు ఒక రాష్ట్రంలో, అమ్మినవారు ఇంకో రాష్ట్రంలో ఉంటారు. వస్తువు ధర వకీలు ఫీజుకు కూడా చాలదు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ కాట్ష్, జానెట్ రిఫ్కిన్ 1990ల చివర్లో ఈబే వేలాల తగాదాల మీద ఒక ప్రయోగం చేశారు. కక్షిదారులు ఎదురుపడకుండానే, ఈమెయిళ్ల ద్వారా, రెండు వారాల్లో సుమారు 200 వివాదాలను చేపట్టారు. 2001లో తెచ్చిన పుస్తకంలో వాళ్లు టెక్నాలజీని నాలుగో పక్షం అన్నారు. తగాదా పడ్డ ఇద్దరు, మధ్యలో మీడియేటరు, నాలుగోది ఆ తెర. తర్వాతి కాలంలో ఈబే ఏటా ఆరు కోట్ల వివాదాలను చూసే స్థాయికి వెళ్లింది. వాటిలో అత్యధికం మనిషి చెయ్యి పడకుండానే తేలిపోయేవి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2016లో సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్‌ను తెరిచింది. మొదట అపార్ట్‌మెంట్ యజమానుల సంఘాల తగాదాలు తీసుకుంది. 2017 నుంచి 5,000 డాలర్ల లోపు చిన్న క్లెయిములు తీసుకుంది. అక్కడ ఫిర్యాదు దాఖలుకు ముందే కొన్ని ప్రశ్నలు అడిగి, మీ హక్కు ఇది, మీకున్న దారులు ఇవి అని మామూలు మాటల్లో చెబుతారు. అది ప్రభుత్వం నడిపే ట్రిబ్యునల్ కాబట్టి ఎదుటి పక్షం ముఖం చాటేసినా చివరికి నిర్ణయం వస్తుంది.

ఇంకో అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2016లో వినియోగదారుల కోసం పెద్ద ఓడీఆర్ వేదిక ప్రారంభించి 2025 జూలై 20న మూసేసింది. ఫిర్యాదు పెట్టినా, వ్యాపారి ఒప్పుకోకపోతే అది ముందుకు కదిలేది కాదు. చాలామంది వ్యాపారులు జవాబే ఇవ్వలేదు. చక్కని వెబ్‌సైటు ఉంటే చాలు, తగాదాలు వాటంతటవే తీరతాయనే నమ్మకానికి ఇది సమాధానం. ఎదుటివారిని మాటలోకి దింపడం మనిషి నేర్చుకోవలసిన విద్య, దాన్నే మనం క్లాసులో నేర్పాలి.

మన ముంగిట్లోకి వచ్చింది

మన దేశంలో ఇది రేపటి సంగతి కాదు. డిజిటల్ చెల్లింపుల్లో విఫలమైన లావాదేవీల కోసం ఓడీఆర్ వ్యవస్థ పెట్టాలని రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు 6న ఆదేశించింది. అంతకు ముందే, 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో మన ఖాతాలో డబ్బు కోతపడి అవతలివారికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు ₹100 పరిహారం. ఈ ₹100 సంగతి తెలిసిన డిగ్రీ విద్యార్థులు ఎందరు? న్యాయవిద్యార్థులు ఎందరు?

అదే 2020లో ఛత్తీస్‌గఢ్ మొదలు పలు రాష్ట్రాలు ఈ-లోక్ అదాలత్‌లు జరిపాయి. 1987 న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఫోన్‌లో కుదిరిన రాజీకి కూడా అంతే బలం. వినియోగదారుల ఫిర్యాదులను ఆన్‌లైన్‌లో దాఖలు చేసేందుకు ఈ-దాఖిల్ 2020 సెప్టెంబరులో మొదలైంది. స్టాక్ మార్కెట్ మదుపరుల వివాదాల కోసం సెబీ 2023 జూలై 31న ఓడీఆర్ విధానం ప్రకటించి స్మార్ట్ ఓడీఆర్ పోర్టల్ తెచ్చింది. జస్టిస్ ఎ.కె. సిక్రీ అధ్యక్షతన నీతి ఆయోగ్ ఓడీఆర్ మీద వేసిన కమిటీ నివేదిక 2021లో వెలువడింది. 2023 మీడియేషన్ చట్టం 30వ సెక్షన్ ఆన్‌లైన్ మీడియేషన్ గురించే. పక్షాలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఏ దశలోనైనా ఆన్‌లైన్‌లో జరపవచ్చనీ, గోప్యత కాపాడాలనీ అది చెబుతుంది. మన హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం కూడా వెలిసింది.

ఈ ఏడాది ఎన్‌రోల్ అయ్యే జూనియరు దగ్గరికి మొదట వచ్చే క్లయింటు భూమి దావాతోనే వస్తాడన్న నమ్మకం లేదు. పేటీఎంలో డబ్బు పోయిన మేనమామ రావచ్చు. ఫ్రిజ్ పగిలి వచ్చిందని పక్కింటావిడ రావచ్చు. లోన్ యాప్ నుంచి ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చిందని చిన్ననాటి స్నేహితుడు రావచ్చు. వాళ్లకు కావలసిన సాయం చేయడానికి మనం ఆ జూనియరును సిద్ధం చేశామా?

నియమం ఉంది, ఆచరణ లేదు

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 న్యాయవిద్యా నియమావళిలో ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం (ఏడీఆర్) తప్పనిసరి క్లినికల్ పేపరు. దాన్ని అనుభవజ్ఞులైన న్యాయవాదులు సిమ్యులేషన్ల ద్వారా, కేస్ స్టడీల ద్వారా చెప్పాలని అందులోనే ఉంది. మార్కుల్లో చెప్పుకోదగ్గ భాగం ప్రాక్టికల్ అభ్యాసాలకు ఇవ్వవచ్చని కూడా ఉంది. 1987లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్‌ను నిలబెట్టిన ఎన్.ఆర్. మాధవ మీనన్ జీవితమంతా చెప్పింది ఇదే: న్యాయవిద్యార్థి చేస్తూ నేర్చుకోవాలి. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ 2005 నుంచి నడుపుతున్న 40 గంటల శిక్షణలో కూడా రోల్ ప్లే ముఖ్యభాగం.

మరి కాలేజీల్లో ఏం జరుగుతోంది? చాలాచోట్ల ఈ పేపరు రికార్డు రాయడంతో సరిపోతోంది. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాస్తారు. ఎర్ర సిరాతో సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. అదే కాలేజీ మూట్ కోర్టు పోటీకి మాత్రం నెలల ముందు నుంచి సన్నద్ధమవుతుంది. గౌన్లు, మెమోరియళ్లు, కప్పులు, ఫొటోలు అన్నీ ఉంటాయి. మూట్ కోర్టును నేను తక్కువ చేయడం లేదు. చట్టాన్ని పట్టుకుని నిలబడి మాట్లాడటం అది నేర్పుతుంది. కానీ అక్కడ విద్యార్థి నేర్చేది గెలవడం. ఎదుటివాడికి ఏం కావాలో అడిగే అవసరం మూట్‌లో ఎప్పుడూ రాదు. రాజీ కుదిర్చేవారికి మొదటి ప్రశ్నే అది.

తెర మీద ఏం మారుతుంది

"మామూలు మీడియేషన్ నేర్పితే చాలదా, అదే వీడియోలో చేస్తారు కదా?" అని అడిగే మిత్రులున్నారు. చాలదు. తెర కొన్నిటిని మార్చేస్తుంది.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కోపంగా అన్న మాట గాలిలో కలుస్తుంది. రాసిన మాట అక్కడే ఉంటుంది. రాత్రి పదకొండింటికి కోపంలో పెట్టిన మెసేజీ పొద్దున ఎదుటివారు మూడుసార్లు చదువుతారు. ఎదురుగా ఉన్నవాడు మౌనంగా ఉంటే ముఖం చూసి ఆలోచిస్తున్నాడో, అలిగాడో చెప్పగలం. మెసేజీకి రెండు రోజులు జవాబు రాకపోతే ఆ మౌనానికి అర్థం ఏమిటి? బెదిరింపా, అనారోగ్యమా, డేటా అయిపోయిందా?

వీడియోలో కక్షిదారు ముఖం మాత్రమే కనిపిస్తుంది. కెమెరా వెనక ఎవరున్నారో కనపడదు. భార్య మాట్లాడుతుంటే పక్క నుంచి భర్త జవాబులు అందించవచ్చు. వృద్ధ తండ్రి పేరు మీద కొడుకు టైపు చేయవచ్చు. కంపెనీ తరఫున వచ్చిన ఉద్యోగికి ఒప్పుకునే అధికారం ఉందో లేదో తెలియదు. ఇక ఫిర్యాదు ఫారం సంగతి. మనిషి కష్టం నాలుగు డ్రాప్‌డౌన్ మాటల్లో ఏదో ఒకదానిలో ఇమడాలి. ఇమడకపోతే ఆ కష్టం రికార్డులోకే రాదు. ఇవన్నీ క్లాసులో బోర్డు మీద రాయవచ్చు, విద్యార్థి రాసుకుంటాడు, పరీక్షలో తిరిగి రాస్తాడు. ఆ ఫారం ముందు తను కూర్చుని తన బాధ ఏ గడిలోనూ పట్టక చిరాకు పడితే మాత్రం జన్మలో మరిచిపోడు.

ఒక అభ్యాసం

నేను క్లాసులో వాడే అభ్యాసం ఒకటి వివరంగా చెబుతాను. ఇది కల్పిత వివాదం. ఎవరైనా తీసుకుని తమ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

తెనాలిలో బ్లౌజులు కుట్టి బతికే ఒక మహిళ ఆన్‌లైన్‌లో ₹18,500కు మోటారు కుట్టుమిషను కొంది. అమ్మినవారు సూరత్ వ్యాపారి. పెట్టె విప్పితే మోటారు కవరు పగిలి ఉంది. మిషను తిరుగుతుంది గానీ మధ్యమధ్య కుట్టు వదిలేస్తోంది. తిప్పి పంపడానికి వెబ్‌సైటు పెట్టిన గడువు 10 రోజులు. ఆమె ఫిర్యాదు చేసింది 13వ రోజున.

ఒక్కో జట్టులో నలుగురు: కొన్నామె, అమ్మిన వ్యాపారి, వెబ్‌సైటు ప్రతినిధి, మీడియేటరు. పైన చెప్పిన సంగతులు నలుగురికీ ఇస్తాను. తర్వాత ఒక్కొక్కరికి విడిగా రహస్య కాగితం ఇస్తాను. కొన్నామె కాగితంలో ఇలా ఉంటుంది: పెట్టె వచ్చిన రోజుల్లో ఆమె అత్తగారి ఆపరేషన్ కోసం గుంటూరు ఆస్పత్రిలో ఉంది, ఆ సంగతి ముక్కూమొహం తెలియనివారికి చెప్పుకోవడం ఇష్టం లేదు. మిషను వాయిదాల మీద కొంది. శ్రావణమాసం పెళ్లిళ్లకు ఆర్డర్లు ఒప్పుకుంది, డబ్బు వాపసు కన్నా నడిచే మిషను ముఖ్యం. వ్యాపారి కాగితంలో: ఆ మోటారు విజయవాడ డీలరు దగ్గర దొరుకుతుంది, రేటింగు పడిపోతే వ్యాపారం దెబ్బతింటుంది, ఇదే సరుకు మీద ఇంకో రెండు ఫిర్యాదులు ఇప్పటికే వచ్చాయి. వెబ్‌సైటు ప్రతినిధి కాగితంలో: పైవారిని అడగకుండా ₹2,000 దాకా ఇవ్వగలడు.

మొదటి మెట్టు ఫారం. కొన్నామె పాత్ర వేసిన విద్యార్థి దాన్ని ఫోన్‌లోనే, తెలుగులోనే నింపాలి. కారణాల పట్టీలో మూడే ఉంటాయి: వస్తువు రాలేదు, వేరే వస్తువు వచ్చింది, వస్తువు పూర్తిగా పనిచేయడం లేదు. ఆమె మిషను తిరుగుతూనే ఉంది. ఏది నొక్కాలి? మూడోది నొక్కితే, తిరుగుతోంది కదా, అబద్ధం చెప్పారని వ్యాపారి పట్టుకుంటాడు. ఈ ఒక్క గడి దగ్గర విద్యార్థులు చాలాసేపు ఆగిపోతారు. ఆగిపోవాలనే ఆ పట్టీని అలా తయారుచేశాను.

రెండో మెట్టు నాలుగు రోజుల మెసేజీలు. 24 గంటల్లో జవాబివ్వాలన్నది నియమం. వ్యాపారి మొదటి మెసేజీ దాదాపు ప్రతి జట్టులోనూ ఒకేలా వస్తుంది: "గడువు దాటాక ఫిర్యాదు చెల్లదు. మా తప్పేమీ లేదు." దానికి కొత్త మీడియేటరు రాసేదీ ఒకేలా ఉంటుంది: "దయచేసి ఇరువర్గాలూ సహకరించాలని కోరుతున్నాను." ఆ వాక్యం వల్ల ఏమీ జరగదు. మర్నాడు అదే విద్యార్థితో దాన్ని తిరగరాయిస్తాను. మంచి జట్టులో అది ఇలా తయారవుతుంది: "గడువు గురించి మీరు చెప్పింది నమోదు చేసుకున్నాను. మిషను మీ గోదాము నుంచి బయల్దేరినప్పుడు తీసిన ఫొటో గానీ, ప్యాకింగ్ రికార్డు గానీ ఉంటే పంపగలరా?" కొన్నామెకు విడిగా: "మీకు ముందుగా కావలసింది ఏది: డబ్బా, కొత్త మిషనా, మరమ్మతా? ఎప్పటికి కావాలి?" మొదటి వాక్యం తప్పు ఎవరిదన్న మాటను పక్కన పెట్టి రుజువు దగ్గరికి నడిపింది. రెండోది హక్కు నుంచి అవసరం దగ్గరికి తెచ్చింది. మీడియేషన్ గురించి నేను గంట చెప్పే లెక్చరు కన్నా ఈ రెండు వాక్యాలు రాసిన విద్యార్థి ఎక్కువ నేర్చుకున్నట్టు.

మూడో మెట్టు ముప్పావు గంట వీడియో సమావేశం. ఇద్దరితో విడివిడిగా మాట్లాడేందుకు వేర్వేరు గదులు ఉంటాయి. ఇక్కడ తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. మీడియేటరు కొన్నామెతో విడిగా మాట్లాడి బయటికి వచ్చి, తన గుర్తు కోసం "శ్రావణం లోపు మిషను కావాలి" అని అందరూ చూసే చాట్‌లో టైపు చేస్తాడు. ఒక్క క్షణంలో చెరిపేసినా వ్యాపారి చూసేస్తాడు. అప్పటిదాకా మోటారు ఉచితంగా వేయిస్తానన్నవాడు సగం ఖర్చు మీరే పెట్టుకోవాలంటాడు. గోప్యత గురించి 2023 మీడియేషన్ చట్టం 22వ సెక్షన్‌ను ఆ తర్వాత చదివిస్తే, ఆ సెక్షన్ ఎందుకుందో ఎవరికీ వివరించనక్కర్లేదు.

నాలుగో మెట్టు ఒప్పందం రాయడం. కుదిరిన సంతోషంలో విద్యార్థులు "ఇరువర్గాలూ సామరస్యంగా పరిష్కరించుకున్నారు, వ్యాపారి త్వరలో మిషను బాగు చేయిస్తారు" అని రాస్తారు. త్వరలో అంటే ఏ తేదీ? మిషను విజయవాడ దాకా ఎవరు మోస్తారు, ఆటో ఖర్చు ఎవరిది? మోటారు మార్చినా కుట్టు వదిలేస్తే? ఏ రోజులోగా డబ్బు వెనక్కి? ఈ ప్రశ్నలకు జవాబు లేని రాజీ, ఇంకో తగాదాకు నాంది. ఒప్పందం తెలుగులో రాసి, ఆమె పాత్ర వేసిన విద్యార్థికి చదివి వినిపించి, అర్థమైందని ఆమె నోట అనిపించుకున్న తర్వాతే సంతకం.

చట్టం ఎప్పుడు చెప్పాలి

పై అభ్యాసంలో చట్టం ఎక్కడుందని సీనియర్ న్యాయవాదులు అడుగుతారు. అడగాలి కూడా. చట్టం తెలియకుండా కుదిర్చిన రాజీ బలహీనులను నష్టపరుస్తుంది. అభ్యాసం అయ్యాక మర్నాటి చర్చలో మొదటి ప్రశ్న ఇదే వేస్తాను: కొన్నామె రాజీ పడకపోతే ఆమెకున్న దారి ఏమిటి?

అప్పుడు చట్టం బయటికి వస్తుంది. 10 రోజులన్నది వెబ్‌సైటు పెట్టుకున్న నియమం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆమె మిషనుతో డబ్బు సంపాదిస్తోంది కదా, వినియోగదారు ఎలా అవుతుంది? స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్న వస్తువును వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించకూడదని నిర్వచనంలోనే వివరణ ఉంది. సూరత్ దాకా పోవాలా? అక్కర్లేదు, 34వ సెక్షన్ ప్రకారం తన నివాస జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. ఫీజు? ₹5 లక్షల దాకా లేదు. వెబ్‌సైటు చేతులు దులుపుకోవచ్చా? 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం దాని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఈ జవాబులు వస్తున్నకొద్దీ కొన్నామె పాత్ర వేసిన విద్యార్థి ముఖం మారుతుంది. "ఇవి తెలిసుంటే నేను అంత తక్కువకు ఒప్పుకునేదాన్ని కాదు" అంటుంది. ఆ మాట కోసమే ఈ అభ్యాసమంతా. చట్టం తెలియనివారు పోర్టల్ ముందు ఎలా తగ్గిపోతారో ఆ అమ్మాయి తన అనుభవంలో చూసింది. రేపు తన దగ్గరికి వచ్చే క్లయింటును ఆమె అలా తగ్గనివ్వదు.

చర్చ లేని రోల్ ప్లే నాటకంతో సమానం. అభ్యాసానికి ఎంత సమయం పట్టిందో చర్చకు కనీసం అంత పట్టాలి. రహస్య కాగితాలు అందరి ముందూ విప్పాలి. ఇంకో రెండు ఫిర్యాదులున్నాయన్న సంగతి వ్యాపారి దాచాడు. దాచవచ్చా? అతని న్యాయవాది అయితే ఏం సలహా ఇవ్వాలి? మీడియేటరుకు ఆ సంగతి విడిగా తెలిసి ఉంటే ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్నలకు క్లాసంతా ఒక్క జవాబు మీదకు రాదు. రానక్కర్లేదు. వృత్తి ధర్మం పేపరు ఇలా మొదలైతే దానికి ప్రాణం వస్తుంది.

కాదనడం కూడా నేర్పాలి

ఓడీఆర్ అంతా మంచిదని నేర్పితే మనం ప్రచారకులమవుతాం, అధ్యాపకులం కాము. అందుకే రెండో అభ్యాసం రాజీ గురించి కాదు. వరంగల్‌లో ఆటో నడిపే వ్యక్తికి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది. తీసుకున్న అప్పు మీద ఆర్బిట్రేషన్ మొదలైందని, అప్పిచ్చిన సంస్థే ఆర్బిట్రేటరును నియమించిందని, ఫలానా రోజు లింకు నొక్కి హాజరు కావాలని ఇంగ్లిష్‌లో ఉంటుంది. అడుగున "నాకు సమ్మతమే" అనే బటన్ ఉంటుంది. విద్యార్థి ఆ డ్రైవరు. అతనికి చట్టం తెలియదు, చేతిలో ఫోన్ ఉంది, అంతే.

చాలామంది బటన్ నొక్కేస్తారు. నొక్కకపోతే ఏదో జరుగుతుందని భయం. తర్వాత 1996 ఆర్బిట్రేషన్ చట్టం 12(5) సెక్షన్ తెరుస్తాం. ఒక పక్షంతో సంబంధాలున్నవారు ఆర్బిట్రేటరుగా ఉండకూడదని 2015 సవరణ చెప్పింది. ఫలితంలో స్వార్థం ఉన్నవారు ఏకైక ఆర్బిట్రేటరును నియమించకూడదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వివాదం తలెత్తిన తర్వాత పక్షాలు స్పష్టంగా, రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ అనర్హతను వదులుకోవచ్చు. ఇప్పుడు ప్రశ్న: ఆటో డ్రైవరు నొక్కిన బటన్ అలాంటి రాతపూర్వక సమ్మతి అవుతుందా? ఒకరు అవుతుందంటారు, ఒకరు కాదంటారు. ఇద్దరూ వాదనలు రాసుకురావాలి. కుదిర్చే పని నేర్చిన అదే క్లాసు ఎక్కడ కుదర్చకూడదో, ఎక్కడ "ఆగండి" అనాలో కూడా నేర్చుకుంటుంది. ఏ కేసులు రాజీకి పనికొస్తాయో, ఏవి పనికిరావో సుప్రీంకోర్టు 2010లో ఆఫ్‌కాన్స్ కేసులో విడమరిచి చెప్పింది. ఆ తీర్పును కూడా ఈ దశలోనే చదివించాలి.

అభ్యంతరాలు

ఖర్చు గురించి అడుగుతారు. ఈ అభ్యాసాలకు పోర్టల్ కొననక్కర్లేదు. విద్యార్థుల ఫోన్లు, ఒక ఆన్‌లైన్ ఫారం, ఈమెయిల్, ఉచిత వీడియో సమావేశం ఉంటే చాలు. క్లాసులో 60 మంది ఉన్నారంటారు. నలుగురేసి చొప్పున 15 జట్లు. మెసేజీలు రాతలో ఉంటాయి కాబట్టి ఎవరేం చేశారో చదివి మార్కులు వేయడం మూట్ కన్నా సులువు. ఎవరు గెలిచారన్నది చూడొద్దు. అడిగిన ప్రశ్నలు, తిరగరాసిన వాక్యాలు, గోప్యత పాటించిన తీరు, ఒప్పందంలోని స్పష్టత, చర్చ తర్వాత రాసిన ఒక పేజీ ఆలోచన, వీటికి మార్కులు వేయండి.

అధ్యాపకుడికే మీడియేషన్ అనుభవం లేకపోతే? ప్రతి జిల్లాలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 40 గంటల శిక్షణ పొందిన మీడియేటర్లు ఉన్నారు. వాళ్లను పిలవండి. సంతోషంగా వస్తారు, ఎందుకంటే రేపటి మీడియేటర్లు ఎక్కడి నుంచి వస్తారన్న చింత వాళ్లకూ ఉంది.

భాష సంగతి చివరిగా. కాలేజీల్లో రోల్ ప్లేలన్నీ ఇంగ్లిష్‌లో నడుస్తాయి. కింది కోర్టు క్లయింటు తెలుగులో ఏడుస్తాడు, తెలుగులో కోప్పడతాడు, తెలుగులోనే ఒప్పుకుంటాడు. ఫోన్‌లో తెలుగు టైపు చేయలేక వాయిస్ మెసేజీ పెట్టే అమ్మమ్మ మాటను రికార్డులోకి ఎలా తేవాలో మన విద్యార్థికి తెలియకపోతే, ఆమెకు న్యాయం అందలేదన్నమాటే. కనీసం ఒక అభ్యాసమైనా పూర్తిగా తెలుగులో, వాయిస్ మెసేజీలతో సహా జరగాలి.

ఈ సభలో ప్రిన్సిపాళ్లున్నారు, యూనివర్సిటీ బోర్డుల సభ్యులున్నారు, న్యాయసేవాధికార సంస్థల కార్యదర్శులున్నారు. మీకు మూడు విన్నపాలు. ప్రతి న్యాయకళాశాలలో ఏడీఆర్ పేపరు కింద ఏటా రెండు ఆన్‌లైన్ అభ్యాసాలు తప్పనిసరి చేయండి, ఒకటి రాజీకి, ఒకటి నిరాకరణకు. వాటిలో ఒకటి తెలుగులో పెట్టండి. మూట్ కోర్టుకు ఇచ్చినన్ని మార్కులు వాటికీ ఇవ్వండి. విద్యార్థులకు ఒక మాట: ఏ పోర్టల్ ముందు కూర్చున్నా, ఎవరి తరఫున కూర్చున్నా, అవతలి చివర ఫోన్ పట్టుకుని జవాబు కోసం చూస్తున్న మనిషిని ముందు అడగండి, మీకేం కావాలని. ఆ ప్రశ్న అడగడం వచ్చినవారే ఈ కాలానికి న్యాయవాదులు.